అట

నవంబరులో హల్ నగరానికి
నాలుగింటికే చీకటి పడుతుంది.
లైబ్రరీ మూడో అంతస్తులో నా బల్ల,
రేడియేటర్ మీద ఎవరో మరిచిపోయిన ఉన్ని గ్లవుజులు,
తెర మీద లీలాధర్ వ్యాసం.
పద్దెనిమిది శాతం, అంటోంది యంత్రం,
అరువు సరుకు కనబడ్డ చోటల్లా పసుపు పూసి.

పసుపంటే మనకి శుభం.
ఇక్కడ కాదు.

ఎదురుగా కూర్చున్నాడు, కోటు విప్పకుండా.
"చిన్నప్పుడు చూచిరాతలో నేనే ఫస్టు మేడమ్.
పై గీత మీద ఉన్నది ఉన్నట్టు
కింద ఆరు గీతల మీదా దించేవాణ్ణి.
కొమ్ము తప్పితే వేలి కణుపుల మీద స్కేలు.
ఆ పై గీత ఎవరిదిరా అని
ఒక్క మాస్టారూ అడగలేదు."

నవ్వొచ్చింది. నవ్వలేదు.
మాకున్న ఇరవై నిమిషాల్లో ఆరు అయిపోయాయి.
చెప్పాల్సినవి చెప్పాను.
ఉన్నమాట ఉన్నట్టు తెస్తే కొటేషన్ గుర్తులు,
పేరు, ఏడాది, పేజీ.
మాట మార్చి వండుకున్నా సరే
బియ్యం ఎవరింటివో చెప్పాలి.
తలూపుతున్నాడు, రాసుకుంటున్నాడు,
నా మాటల్నీ ఉన్నవి ఉన్నట్టుగానే.

నాలుగో పేజీలో, పసుపు అంటని చోట,
యంత్రం కన్నుగప్పిన ఒక వాక్యం:
ఈ తీరంలో నేల విరిగిపడదు,
పట్టు వదిలేస్తుంది.

"ఇదెక్కడిది?"
తెలిసే అడిగాను.
అతని చెవులు ఎర్రబడ్డాయి.
"కింది అంతస్తులో నీలం అట్ట థీసిస్ మేడమ్.
ఇంటిపేరు చూస్తే మనవాళ్ళలా అనిపించింది.
దుమ్ము పట్టి ఉంది, ఎవరూ తీయరులే అని..."

పదకొండేళ్ళ కిందటిది. నాదే.
దొంగ దొరికాడన్న కోపం
గొంతుదాకా వచ్చి
అక్కడే ఆగిపోయింది,
ఆ వాక్యం నాది కాదు కనుక.

విథర్న్‌సీ దాటాక, కొండచరియ అంచున
కారవాన్ల మధ్య మోరీన్ స్టాథర్స్.
ఇంటిని మూడుసార్లు వెనక్కి లాగించుకున్న మనిషి.
పింగాణీ పూత రాలిన కప్పులో నాకు టీ పోస్తూ
కిటికీ వైపు చూడకుండానే అంది ఆ మాట.
"మా నాన్న అనేవాడు," అని కూడా అంది.
బస్సు టికెట్టు వెనక రాసుకున్నాను.
తర్వాత టికెట్టు పోయింది. మాట మిగిలింది.
థీసిస్ చివర నూట నలభై పేర్లున్నాయి,
సగం పుస్తకాలు పూర్తిగా చదవనివి.
ఆమె పేరు లేదు.

మా వీధిలో పాలు పోసే నూకాలమ్మకి
చదువు రాదు.
వంతెన మునిగిందట, అనేది.
చక్కెర రేపిస్తారట, డీలరు చెప్పాడు, అనేది.
తను చూసిందేదో, విన్నదేదో
ఒక్క అక్షరంతో వేరు చేసి
గిన్నెలో పాలలా కొలిచి పోసేది.
ఇన్నేళ్ళ చదువులో
నేను పారేసుకున్నది ఆ అక్షరమే.

ఫారం మీద రెండు గడులున్నాయి:
తెలిసి, తెలియక.
అతనికి రెండోదాంట్లో టిక్కు పెట్టాను.
నాకు పెట్టేవాళ్ళు లేరు.

తెర అతని వైపు తిప్పాను.
"నా పేరు రాయి. నా పేరు దగ్గర ఆపకు.
ఆవిడ అందట, నేను రాశానట, అలా రాయి."
"ఇంగ్లీషులో 'అట' ఎలా మేడమ్?"
"బ్రాకెట్లలో పెడతారు."

ఇద్దరం కలిసి టైపు చేశాం,
మోరీన్, ఇంటిపేరు, మార్చి నెల, ముఖాముఖి.
బయట ఆఖరి బస్సుల లైట్లు తడి రోడ్డు మీద.
లేవబోతూ ఆగాడు.
"ఆవిడ మాటకి పేజీ నంబరు?"

పేజీ లేదు లీలాధర్.
మేం కూర్చున్న చోటు
ఇప్పుడు సముద్రంలో ఉందట.